సేజ్ ఆకు: మేలెంత? జాగ్రత్త ఎంత?



రెండవ రాజుల గ్రంథం 4వ అధ్యాయంలో ఒక సంఘటన ఉంది. గిల్గాలులో కరువు. ప్రవక్తల శిష్యులకు వంట చేయడం కోసం ఒకడు పొలంలోకి వెళ్లి, ఏమిటో తెలియని అడవి కాయలు ఒడి నిండా కోసుకొచ్చి కుండలో తరిగి వేశాడు. తినడం మొదలుపెట్టగానే తేడా తెలిసి అందరూ కేకలు వేశారు. ఎలీషా పిండి తెప్పించి కుండలో వేయగా ఆ కీడు పోయింది. కాయలు కోసుకొచ్చినవాడికి చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఆకలితో ఉన్నవాళ్లకు మేలు చేద్దామనే అనుకున్నాడు. కానీ ఆ కాయ గుణం అతనికి తెలియదు.

ఈ సంఘటన మాకు ఓ.పి.లో తరచు గుర్తుకొస్తుంది. ఈ మధ్య షుగర్ జబ్బు ఉన్న ఒక అక్క కాలి పుండుతో వచ్చారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష చేయిస్తే, ఎప్పుడూ అదుపులో ఉండేది బాగా పెరిగి ఉంది. తిండి గురించి అడిగాము, నడక గురించి అడిగాము. "అన్నీ మీరు చెప్పినట్టే చేస్తున్నా డాక్టరమ్మా" అన్నారు. కట్టు కట్టే సిస్టరు మాటల్లో పెట్టి అడిగితే అసలు సంగతి బయటపడింది. గల్ఫ్‌లో పనిచేసే కొడుకు ఒక ఎండుటాకుల ప్యాకెట్టు పంపాడు. షుగర్‌కు మంచిదని అక్కడివాళ్లు చెప్పారట. అక్క రోజుకు మూడు కప్పులు తాగుతూ, గోళీలు సగానికి సగం తగ్గించేశారు. ఆ ఆకు పేరు సేజ్.

తప్పు ఆమె ఒక్కదానిదే అనడం న్యాయం కాదు. కొడుకు ప్రేమతో పంపాడు, తల్లి నమ్మకంతో తాగింది. ఇంకేమైనా ఆకులు, కషాయాలు తాగుతున్నారా అని మేము ముందుగా అడగలేదు. అందుకే ఈ సంచికలో సేజ్ ఆకు గురించి, దాని చుట్టాలైన మన ఇంటి ఆకుల గురించి మాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాము.

సేజ్ అంటే ఏమిటి?

సేజ్ మధ్యధరా సముద్ర తీర దేశాల మొక్క. ఆకు బూడిద రంగు కలిసిన పచ్చగా, పట్టుకుంటే మెత్తని నూగుతో, నలిపితే కర్పూరం కలిసినట్టు ఘాటైన వాసనతో ఉంటుంది. దీని శాస్త్రీయ నామం సాల్వియా అఫిసినాలిస్. 1753లో లిన్నేయస్ ఈ పేరును గ్రంథస్థం చేశాడు. సాల్వియా అనే మాట స్వస్థతకు సంబంధించిన లాటిన్ మాట నుంచి వచ్చింది. అఫిసినాలిస్ అంటే మందుల కొట్టులో ఉండేది అని అర్థం. పాతకాలపు ఐరోపాలో క్రైస్తవ మఠాల తోటల్లో రోగుల కోసం పెంచిన మొక్కల్లో ఇదీ ఒకటి.

గల్ఫ్, పాలస్తీనా, జోర్డాన్ ప్రాంతాల నుంచి వచ్చే ప్యాకెట్ల మీద 'మరియమియ్యా' అని ఉంటుంది. యేసు ప్రభువు తల్లి మరియమ్మ పేరు మీదనే ఆ ఆకుకు ఆ పేరు వచ్చిందని అక్కడివారు చెప్పుకుంటారు. అయితే ఆ ప్రాంతాల్లో టీలో వేసుకునేది ఎక్కువగా సేజ్‌కు దగ్గరి జాతి, గ్రీకు సేజ్. రెండూ చూడడానికి ఒకేలా ఉన్నా లోపలి నూనెలు ఒకటి కావు. కాబట్టి ప్యాకెట్టు మీద 'సేజ్' అని ఉన్నంత మాత్రాన అది ఏ సేజో తెలిసిపోదు.

ఇంకో రెండు పొరపాట్లు కూడా జరుగుతుంటాయి. సగ్గుబియ్యాన్ని ఇంగ్లీషులో సేగో అంటారు. దానికీ సేజ్‌కూ ఏ సంబంధమూ లేదు. మన ఊరి కంచెల మీద ఎరుపు, పసుపు పూలు గుత్తులుగా పూసే లాంటానాను కొందరు ఇంగ్లీషులో 'అడవి సేజ్' అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. దాని ఆకులు పశువులకు విషం. పచ్చి కాయలు తిన్న పిల్లలకు వాంతులు, మగత వచ్చే ప్రమాదం ఉంది. పేరు చూసి ఎవరూ దానిని కషాయం కాచుకోవద్దు. గిల్గాలు కుండ కథ ఇక్కడే గుర్తుంచుకోవాలి.

మన ఇంటి చుట్టాలు

సేజ్ పేరు కొత్తదే అయినా దాని కుటుంబం మనకు బాగా తెలిసినదే. పుదీనా, తులసి, వాము ఆకు, పూలదండలో కట్టే మరువం, సబ్జా గింజలనిచ్చే రుద్రజడ, ఇవన్నీ ఒకే కుటుంబం. ఈ మధ్య బరువు తగ్గడానికని కొంటున్న చియా గింజలు సాల్వియా జాతివే, అంటే సేజ్‌కు స్వయానా చెల్లెలి వరస.

పాతబస్తీలో ఈ మొక్కల వాడకం ఇవాళ్టిది కాదు. మీర్ ఆలం మండిలో, బేగంబజార్‌లో ఎండు మూలికలు అమ్మే దుకాణాలకు తరతరాల చరిత్ర ఉంది. సబ్జా గింజలను హకీములు తుఖ్మె రైహాన్ అంటారు. చార్మినార్ పక్కనే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో కట్టిన నిజామియా యునానీ ఆసుపత్రి ఉంది. అక్కడ చదువుకున్న హకీములు పట్టా పొందిన వైద్యులు. వారి వైద్యాన్ని చులకన చేయడం మా ఉద్దేశం కాదు. మేము హెచ్చరించేది, నాడి చూడకుండా, జబ్బు తెలియకుండా, చీటీ లేకుండా ఒకరు చెప్తే ఇంకొకరు వాడే అలవాటు గురించి.

సేజ్‌తో నిజంగా మేలు ఉందా?

కొంత ఉంది. ఎంతవరకు ఉందో చూద్దాం.

గొంతు, నోరు: సేజ్ కషాయంతో పుక్కిలించడం ఐరోపాలో చాలా పాత వైద్యం. గొంతునొప్పికి సేజ్, ఎకినేషియా కలిపిన స్ప్రేను మామూలుగా వాడే క్రిమిసంహారక స్ప్రేతో పోల్చి 2009లో సుమారు 150 మందిపై చేసిన పరిశోధనలో రెండూ దాదాపు ఒకేలా పనిచేశాయి. నొప్పికి ఉపశమనం దొరుకుతుందని దీని అర్థం. అది జబ్బును కుదిర్చినట్టు కాదు.

ముట్లుడిగే వయసులో వేడి ఆవిర్లు, చెమటలు: 2011లో స్విట్జర్లాండ్‌లో సుమారు 70 మంది స్త్రీలకు తాజా సేజ్‌తో చేసిన మాత్రలు ఎనిమిది వారాలు ఇచ్చారు. ఆవిర్లు సగానికి పైగా తగ్గాయని రాశారు. అయితే పోల్చి చూడడానికి ఉత్త మాత్ర ఇచ్చిన గుంపు అందులో లేదు. మందు వేసుకుంటున్నామనే నమ్మకంతోనే కొంత తగ్గే బాధ ఇది. కాబట్టి ఆ లెక్కను పూర్తిగా మందు ఖాతాలో వేయలేము.

మతిమరుపు: 2003లో ఇరాన్ వైద్యులు అల్జైమర్స్ తేలికపాటి నుంచి మధ్యస్థ స్థాయిలో ఉన్న కొద్దిమంది వృద్ధులకు నాలుగు నెలలు సేజ్ సారం ఇచ్చి, ఉత్త మందు తీసుకున్నవారి కంటే కొంత మెరుగు చూశారు. ఆశ కలిగించే మాటే, కాని చిన్న పరిశోధన.

షుగర్, కొలెస్ట్రాల్: వీటిమీదా ఇరాన్‌లో చిన్న పరిశోధనలు జరిగాయి. కొంత తగ్గుదల కనబడింది. కాని గోళీలు మానేసి ఆకు మీద ఆధారపడవచ్చని చెప్పడానికి అవి ఏ మాత్రం సరిపోవు. గోళీలతో పాటు ఆకు కూడా ఎక్కువగా తాగితే షుగర్ మరీ పడిపోయే అవకాశమూ ఉంది. అప్పుడు చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. ఆకు పనిచేయకపోయినా నష్టమే, లెక్క లేకుండా పనిచేసినా నష్టమే.

ఐరోపా దేశాల మందుల సంస్థ సేజ్ ఆకును సంప్రదాయ మందుగా గుర్తించింది. ఛాతీలో మంట, కడుపుబ్బరం, అతి చెమట, నోటిలో, గొంతులో తేలికపాటి వాపు, చర్మంపై చిన్నపాటి వాపు, ఇంతవరకే. సంప్రదాయ మందు అంటే చాలాకాలంగా వాడుతున్నారు కనుక అనుమతించారని అర్థం. పెద్ద పరిశోధనల్లో రుజువైందని కాదు.

ప్రమాదం ఎక్కడుంది?

సేజ్ వాసనకు కారణమైన నూనెలో థుజోన్ అనే పదార్థం ఉంటుంది. మన మెదడులో నరాలు అతిగా ఉద్రేకపడకుండా ఆపే ఒక ఏర్పాటు ఉంది. బండికి బ్రేకు లాంటిది. థుజోన్ ఎక్కువైతే ఆ బ్రేకు పట్టదు. ఫలితం ఫిట్స్.

ఐరోపా సంస్థ సేజ్ వాడేవారికి థుజోన్ రోజుకు 6 మిల్లీగ్రాములు దాటకూడదని 2016లో పరిమితి పెట్టింది. వంటలో చిటికెడు ఆకు వేసుకుంటే ఆ పరిమితికి చాలా దూరంలో ఉంటాము. ఒకటి రెండు కప్పుల టీ కొద్ది రోజులు తాగినా ఆరోగ్యవంతులైన పెద్దలకు సాధారణంగా ఇబ్బంది రాదు. కానీ చిన్న సీసాల్లో అమ్మే సేజ్ నూనె సంగతి వేరు. ఒక చుక్క నూనె బరువు సుమారు 30 మిల్లీగ్రాములు. అందులో అయిదో వంతు నుంచి సగం దాకా థుజోన్ ఉండవచ్చు. అంటే ఒక్క చుక్కే రోజు పరిమితిని దాటిపోవచ్చు. పొరపాటున సేజ్ నూనె కడుపులోకి పోయిన పసిపిల్లలకు ఫిట్స్ వచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

ఇది సేజ్ నూనెకే పరిమితం కాదు. నీలగిరి తైలం ఆవిరి పట్టడం వల్ల కూడా కొందరికి ఫిట్స్ వచ్చిన సంగతిని బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల డాక్టర్లు 2017లో ప్రచురించారు. కర్పూరం కూడా అటువంటిదే. పసిబిడ్డకు జలుబు చేస్తే ముక్కు దగ్గర కర్పూరం పెట్టడం, ఛాతీకి ఘాటు నూనెలు దట్టంగా రుద్దడం మన ఇళ్లలో ఇంకా ఉంది. దయచేసి మానండి. ఏ ఘాటు నూనె సీసా అయినా పిల్లల చేతికి అందని చోట పెట్టండి.

ఎవరు వాడకూడదు?

గర్భిణులు: కూరలో చిటికెడు కంటే ఎక్కువ వద్దు. టీ, మాత్ర, నూనె అసలు వద్దు.

పాలిచ్చే తల్లులు: పాలు మాన్పించడానికి సేజ్ టీ తాగే ఆచారం కొన్ని దేశాల్లో ఉంది. దీనిమీద గట్టి పరిశోధనలు లేకపోయినా, బిడ్డకు పాలు చాలడం లేదని బాధపడే తల్లి దానికి దూరంగా ఉండడమే మేలు.

ఫిట్స్ జబ్బు ఉన్నవారు: మందు వాడుతూ ఫిట్స్ రాకుండా ఉన్నవారైనా సరే వద్దు.

పిల్లలు: 18 ఏళ్లలోపు వారికి మందుగా వాడమని ఐరోపా సంస్థ సిఫారసు చేయలేదు.

షుగర్, బి.పి., నిద్రమాత్రలు, రక్తం పలచబడే మందులు వాడేవారు: డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

ఆపరేషన్ ఉన్నవారు: ఏ మూలికలు వాడుతున్నా ముందే చెప్పండి. సాధారణంగా రెండు వారాల ముందు ఆపమంటాము.

వాడదలచుకుంటే ఎలా?

ఆరోగ్యవంతులైన పెద్దలకు గొంతునొప్పి వస్తే పుక్కిలించడానికి: సుమారు రెండున్నర గ్రాముల ఎండు సేజ్ ఆకు, అంటే రెండు మూడు చిన్న చెంచాలు, అర గ్లాసు మరిగిన నీళ్లలో వేసి మూతపెట్టి పది నిమిషాలు ఉంచాలి. వడకట్టి గోరువెచ్చగా పుక్కిలించి ఉమ్మివేయాలి. తాగడానికయితే ఒక గ్రాము నుంచి రెండు గ్రాములు ఒక కప్పు నీళ్లకు చాలు. రోజుకు మూడు కప్పులు దాటవద్దు, రెండు వారాలు దాటవద్దు. నూనె మాత్రం లోపలికి తీసుకోనేకూడదు.

సేజ్ దొరకలేదని దిగులు పడనక్కరలేదు. గోరువెచ్చని ఉప్పునీళ్లతో పుక్కిలించడం దాదాపు అంత ఉపశమనమే ఇస్తుంది, పైసా ఖర్చు లేదు. దూరదేశపు ప్యాకెట్టు ఖరీదైనది కనుక గొప్పదేమో అనుకోవద్దు.

సబ్జా, చియా, తులసి మాట

వేసవిలో, రంజాన్ నెలలో పాతబస్తీ వీధుల్లో ఫలూదా, షర్బత్ లేని సాయంత్రం ఉండదు. అందులోని సబ్జా మంచిదే. పీచు ఉంటుంది, విరేచనం సాఫీగా అవుతుంది. షుగర్ ఉన్నవారికి చిక్కు గింజతో కాదు, దాని చుట్టూ ఉన్న చక్కెర పానకంతో. ఇంట్లో మజ్జిగలోనో, నిమ్మరసంలోనో ఉప్పు వేసి సబ్జా కలుపుకోండి.

సబ్జా, చియా రెండూ నీటిని పీల్చుకొని ఉబ్బుతాయి. పొడిగా నోట్లో వేసుకొని పైన నీళ్లు తాగితే ఆహార గొట్టంలోనే ఉబ్బి అడ్డుపడవచ్చు. 2014లో అమెరికాలో ఒకాయన చెంచాడు పొడి చియా గింజలు తిని నీళ్లు తాగితే అదే జరిగింది. ఎండోస్కోపీ చేసి ఆ అడ్డు తొలగించవలసి వచ్చింది. కనుక గింజలు పూర్తిగా ఉబ్బేదాకా నానబెట్టాలి. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైన పెద్దలకు, చిన్నపిల్లలకు ఇవ్వవద్దు.

తులసి, వాము ఆకు కషాయం జలుబులో గొంతుకు హాయినిస్తుంది. తాగండి, తప్పులేదు. కానీ కొన్ని గుర్తులు కనబడితే కషాయంతో కాలం గడపవద్దు. దగ్గు రెండు వారాలు దాటితే కళ్లె పరీక్ష చేయించుకోవాలి, అది టి.బి. కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితం. పిల్లలకు జ్వరంతో గొంతునొప్పి వస్తే తప్పక చూపించాలి. కొన్ని రకాల గొంతు ఇన్ఫెక్షన్లకు సకాలంలో మందు వాడకపోతే, తరువాత కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటాలు జీవితాంతం దెబ్బతినే ప్రమాదం ఉంది. డెంగీ జ్వరంలో కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం ఉంటే వెంటనే ఆసుపత్రికి రావాలి.

పేరులేని పొట్లాలు

ఆకు ఏదో తెలిస్తే దాని గుణదోషాలు చెప్పగలము. కాగితంలో కట్టిన పేరులేని పొడి తెస్తే మేము కూడా చేతులెత్తేయవలసిందే. మూలికల పొడి అని చెప్పే కొన్నిటిలో స్టెరాయిడ్లు, నొప్పి గోళీలు, సీసం కలుస్తున్నాయి. 2004లో అమెరికాలోని బోస్టన్ నగరంలో దుకాణాల్లో అమ్ముతున్న 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే 14 మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి లోహాలు బయటపడ్డాయి. అవి దక్షిణాసియాలో తయారైనవే. రెండు రోజుల్లో కీళ్లనొప్పి మాయమై, ముఖం ఉబ్బి, షుగర్ పెరిగితే ఆ పొడిని అనుమానించాలి. అయితే నెలల తరబడి వాడిన పొడిని ఒక్కసారిగా ఆపవద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే హఠాత్తుగా ఆపడమూ ప్రమాదమే. పొట్లంతో సహా వచ్చి చూపించండి.

మీరు అడిగే ప్రశ్నలు

"ఆకే కదా, దానికి సైడ్ ఎఫెక్ట్ ఏముంటుంది?" ఉమ్మెత్త కూడా ఆకే, గన్నేరు కూడా ఆకే. పనిచేసే గుణం ఉన్నదేదైనా, మోతాదు మించితే కీడు చేసే గుణమూ కలిగి ఉంటుంది.

"డాక్టరుకు చెప్తే తిడతారేమో?" మా ఆసుపత్రిలో ఎవరూ తిట్టరు. దాచిపెడితేనే మాకు చికిత్స కష్టమవుతుంది. ఈసారి వచ్చేటప్పుడు మీరు వాడే ఆకులు, పొడులు, నూనెలు, గింజలు అన్నీ ఒక సంచిలో వేసుకొని మందుల చీటీతో పాటు తీసుకురండి. ఓ.పి.కి వచ్చిన ప్రతివారినీ ఇంకేమైనా వాడుతున్నారా అని అడగాలని మేము కూడా నియమం పెట్టుకున్నాము.

"ప్రార్థన చేసుకొని ఆకు మందు వేసుకుంటే చాలదా?" హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు ఆలకించాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ప్రార్థన, మందు ఒకదానికొకటి శత్రువులు కావు. ఏ మందు, ఎంత, ఎన్నాళ్లు అని అడగడం విశ్వాసం లేకపోవడం కాదు. దేవుడిచ్చిన వివేకాన్ని వాడుకోవడమే.

ఫిట్స్ వస్తే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టవద్దు, చేతిలో తాళాలు పెడుతూ కాలం వృథా చేయవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏ నూనె తాగారో ఆ సీసా వెంట తీసుకురండి. వాంతి చేయించే ప్రయత్నం చేయవద్దు.

ఇక ఆ అక్క సంగతి. పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. వేలు తీసేయవలసి వస్తుందేమోనని మేము భయపడ్డాము, దేవుని దయవల్ల ఆ అవసరం రాలేదు. గోళీలు మళ్లీ పూర్తిగా వేసుకుంటున్నారు. కొడుకు పంపిన ప్యాకెట్టు పారేయమని మేము చెప్పలేదు. ఎప్పుడైనా గొంతు నొస్తే పుక్కిలించుకోమన్నాము. "మరి వాడికి ఏమని చెప్పాలి?" అని అడిగారు. "నీ ఆకు మంచిదే నాయనా, కానీ నా గోళీలు నాకు కావాలి అని చెప్పు అక్కా" అన్నాము. నవ్వుతూ వెళ్లారు.

దేవుడు మిమ్మల్ని, మీ కుటుంబాలను ఆరోగ్యంగా కాపాడును గాక.